మొదటి పేజీల్లో శవం, చివరి పేజీల్లో వంట

హంతకుడెవరో తెలిసిన తరువాత డిటెక్టివ్ నవలలో చదవవలసింది ఏమీ మిగలదని చిన్నప్పటి నుంచీ నా నమ్మకం. ఈ చలికాలం చదివిన ఒక నవల ఆ నమ్మకాన్ని కదిలించింది. హత్య ఎవరు చేశారో తేలిపోయింది. ఇక పుస్తకం మూసేద్దామనుకుంటూ పేజీ తిప్పాను. అక్కడ వంటలున్నాయి. ఎన్ని కప్పుల పిండి, ఎన్ని చెంచాల నూనె, ఎంతసేపు మగ్గాలి అన్నీ శ్రద్ధగా రాసి ఉన్నాయి. అన్నీ శాకాహారమే, పాలూ వెన్నా కూడా లేవు. మొదటి పేజీల్లో శవం, చివరి పేజీల్లో వంట! ఇదేం పొందిక అని నవ్వుకున్నాను. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

ముందు పుస్తకం సంగతి. పేరు ‘ది యాక్సిడెంటల్ ఆల్కెమిస్ట్’. రచయిత్రి జీజీ పాండియన్. అమెరికా మనిషి, తండ్రివైపు మూలాలు దక్షిణ భారతానివి. ఈ నవల 2015లో వచ్చింది. కథానాయిక జోయీ ఫౌస్ట్ చూడడానికి ముప్పైలోపు యువతి, అసలు వయసు మూడువందల పైచిలుకు. పదిహేడవ శతాబ్దంలో సేలంలో పుట్టి, రసవాదం నేర్చి, తనకే తెలియకుండా మృత్యువును వాయిదా వేసుకున్నది. ఆమె పోర్ట్‌లాండ్‌లో ఒక పాతకొంప కొనుక్కుని, సామాను పెట్టెలు విప్పుతుంటే ఒకదాంట్లోంచి రాతి గార్గాయిల్ ఒకటి లేచి నిలబడుతుంది. దాని పేరు డోరియన్. ప్రాణం పోసుకున్న శిల్పం. పైగా ఫ్రెంచి పాకశాస్త్రంలో ఆరితేరిన వంటవాడు. వాడు మళ్ళీ మెల్లమెల్లగా రాయిగా మారిపోతున్నాడు, అందుకు విరుగుడు వెతకమని ఆమెను ఆశ్రయిస్తాడు. అదే సమయానికి ఇల్లు బాగుచేయడానికి వచ్చిన పనివాడు ఆమె గుమ్మం ముందే చచ్చిపడి ఉంటాడు. అక్కడ మొదలవుతుంది పరిశోధన.

జోయీ పాలూ గుడ్లూ కూడా ముట్టని శాకాహారి. వెన్న లేకుండా వంటేమిటని డోరియన్ మొదట తెగ బాధపడతాడు. తరువాత పౌరుషానికి పోయి, గింజలతో, దుంపలతో, ఆకులతో కొత్త వంటలు కనిపెడతాడు. తెల్లవారకముందే ఎవరి కంటా పడకుండా ఒక టీ దుకాణానికి వెళ్ళి రొట్టెలు కాల్చి వస్తాడు. ఊరంతా వాటిని మెచ్చుకుంటుంది, చేసింది ఎవరో తెలియదు. నవలలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ భాగమే. హత్య ముడి అంత బిగువైనది కాదు. మంత్రతంత్రాలు అడ్డం వచ్చినప్పుడల్లా పాఠకుడి తర్కానికి పని తగ్గిపోతుంది. కాని ప్రాణమున్న ఒకడు వేలికొసల నుంచి రాయిగా మారిపోతూ, ఆ వేళ్ళతోనే పిండి పిసుకుతుండడం మాత్రం మనసులో నిలిచిపోతుంది. రచయిత్రి స్వయంగా రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొంది బయటపడ్డ మనిషి అని తెలిశాక, ఆ రాయి సంగతి నాకు ఇంకొంచెం బాగా అర్థమయింది. తరువాత ఇదే వరుసలో ‘ది మాస్కరేడింగ్ మెజీషియన్’, ‘ది ఎలూసివ్ ఎలిక్సర్’ వంటి నవలలు వచ్చాయి. వాటినీ తెప్పించుకున్నాను.

ఇటువంటి నవలల్ని ఇక్కడ ‘కోజీ మిస్టరీ’ అంటారు. చలిరాత్రి కంబళి కప్పుకుని చదువుకొనే కథలన్నమాట. నెత్తురు తెర వెనకే ఉంటుంది. పరిశోధకుడు పోలీసు కాడు. చాలాసార్లు పరిశోధకురాలు, ఏదో చిన్న ఊళ్ళో తన పని తాను చేసుకుపోయే మనిషి. ఈ వంశవృక్షంలో వంటింటి కొమ్మ బాగా పెద్దది. రెక్స్ స్టౌట్ 1938లోనే పేరుమోసిన వంటవాళ్ళ సమావేశంలో హత్య జరిగినట్లు ‘టూ మెనీ కుక్స్’ రాశాడు. ఆయన డిటెక్టివ్ నీరో వుల్ఫ్ భోజనప్రియత్వానికి ఎంత పేరు వచ్చిందంటే, 1973లో ఆ వంటలతో ఒక పుస్తకమే వచ్చింది. 1982లో వర్జీనియా రిచ్ రాసిన ‘ది కుకింగ్ స్కూల్ మర్డర్స్’, 1990లో డయాన్ మాట్ డేవిడ్‌సన్ రాసిన ‘కేటరింగ్ టు నోబడీ’ ఈ దారిని రహదారి చేశాయి. డేవిడ్‌సన్ నాయిక కొలరాడోలో విందులకు వంటచేసే గోల్డీ. జోవాన్ ఫ్లూక్ నాయిక హానా మిన్నెసోటాలో బిస్కెట్ల దుకాణం నడుపుతుంది. ఆస్ట్రేలియాలో కెర్రీ గ్రీన్‌వుడ్ సృష్టించిన కొరినా చాప్‌మన్ మెల్‌బోర్న్‌లో రొట్టెలు చేస్తుంది. నేరం ఛేదించడం, వంట చెప్పడం వీళ్ళకు రెండు వేర్వేరు పనులు కావు.

అలాగని ఇదంతా అమెరికా వ్యాపారపు ఎత్తుగడ అని కొట్టిపారేయలేం. మిస్ మార్పుల్ మొదటిసారి కనబడిన కథ 1927 నాటి ‘ది ట్యూస్‌డే నైట్ క్లబ్’. ముగ్గురు కలిసి రాత్రి భోజనం చేస్తారు. ముగ్గురికీ ఒంట్లో బాగుండదు. ఒకరు మరణిస్తారు. గదిలో కూర్చున్న రచయిత, చిత్రకారిణి, మతగురువు, న్యాయవాది తలా ఒక సిద్ధాంతం చెబుతారు. మూలన కూర్చుని అల్లిక అల్లుకొనే ముసలమ్మ మాత్రం ఆ రాత్రి బల్లమీద ఏమేమి వడ్డించారో గుర్తు పెట్టుకుంటుంది. సమాధానం అక్కడే ఉంటుంది. చదవనివారి కోసం ఇంతకుమించి చెప్పను. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధకాలంలో టోర్కీలోని ఆసుపత్రి మందులగదిలో పనిచేసింది. ఏ చుక్క మందో, ఎన్నో చుక్క విషమో కొలిచి చూసిన చేయి ఆమెది. 1920లో వచ్చిన ఆమె మొదటి నవలలోనే చావు విషం వల్ల.

మన డిటెక్టివులకు మాత్రం వంటిల్లు ఉన్నట్లు కనబడదు. ఈ మాట నాది కాదు, మా అమ్మది. నేను హైస్కూల్లో ఉండగా అద్దె పుస్తకాల కొట్టు నుంచి కొమ్మూరి సాంబశివరావునూ టెంపోరావునూ తెచ్చుకుని, లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివేవాణ్ణి. నేను బడికి వెళ్ళాక మధ్యాహ్నాలు అమ్మ చదివేది. సాయంత్రం నేను వచ్చి సగంలో ఉన్న పుస్తకం తెరవబోతే, హంతకుడెవరో చెప్పేస్తానని బెదిరించేది. ఒకసారి బియ్యం ఏరుతూ అన్నది: “అంతా బాగానే ఉంది గాని నాన్నా, ఈ యుగంధర్ అన్నం ఎప్పుడు తింటాడురా? ఎవరు వండిపెడతారు? ఎప్పుడు చూసినా పరిగెత్తుతూనే ఉంటాడు.” నేను నవ్వాను. ఆ ప్రశ్నలో పరిశోధన ఉన్నదని పదిహేనేళ్ళ కుర్రవాడికి తట్టలేదు. యాభై దాటిన వైద్యుడికి కూడా తట్టలేదు, అసలు కథ అదే.

అమ్మకు చిన్నతనంలో కీళ్ళవాతజ్వరం వచ్చి గుండె కవాటం ఒకటి దెబ్బతిన్నది. నడివయసులో దాని స్థానంలో లోహపు కవాటం అమర్చారు. అటువంటి కవాటం ఉన్నవాళ్ళు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్‌ఫరిన్ మాత్రలు వేసుకోవాలి. మందు చాలకపోతే కవాటం మీద గడ్డ కట్టవచ్చు, అది మెదడుకు చేరితే పక్షవాతం. మందు ఎక్కువైతే రక్తస్రావం. సన్నని పొలంగట్టు మీద నడక వంటిదది. ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష మనిషి గట్టు మీదే ఉన్నదా, పక్కకు జారుతున్నదా అన్నది చెబుతుంది. అమ్మకు ఆ అంకె 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలన్నారు.

నాన్న పోయిన తరువాత అమ్మ ఒహాయోలో మా దగ్గరికి వచ్చింది. మొదటి చలికాలమంతా అంకె గట్టు దిగలేదు. జులైలో 1.8కి పడిపోయింది. మందు పెంచారు. ఆగస్టులో 1.9. మళ్ళీ పెంచారు. సొంతవాళ్ళకు వైద్యం చేయకూడదన్నది మా వృత్తిలో నియమం, కనుక వేరే క్లినిక్‌లో చూపించేవాళ్ళం. నేను పక్కన కూర్చుని అటు మాట ఇటూ ఇటు మాట అటూ చెప్పేవాణ్ణి. వెళ్ళిన ప్రతిసారీ నర్సు అడిగేది, ఆహారంలో మార్పు ఏమైనా ఉందా అని. “లేదు, ఆవిడ శాకాహారి. ఎప్పుడూ తినేవే తింటారు” అని నేనే జవాబు చెప్పేవాణ్ణి. “ఏమడిగిందిరా?” అనేది అమ్మ. “ఏంలేదమ్మా, మామూలే” అనేవాణ్ణి.

నా అనుమానం మరొక చోట ఉంది. అమ్మకు డెబ్భై అయిదేళ్ళు. ఆ వయసులో మాత్ర మరిచిపోవడం వింత కాదు. “మరిచిపోతున్నావేమోనమ్మా” అన్నాను. “లేదు నాన్నా” అంది. రెండోసారి అడిగాను. మూడోసారి ఆమె చూస్తుండగానే సీసా తెరిచి, మాత్రలు బల్లమీద పోసి లెక్కపెట్టాను. లెక్క సరిపోయింది. అయినా నేను నమ్మలేదు. మరునాడు వారంలో ప్రతిరోజుకూ ఒక గడి ఉండే ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, నేనే మాత్రలు సర్ది, రాత్రిపూట గడి ఖాళీ అయిందో లేదో చూడడం మొదలుపెట్టాను. అమ్మ ఏమీ అనలేదు. అప్పటినుంచి మాత్ర వేసుకొనే ముందు నన్ను పిలిచి, నా ఎదుట నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, ఖాళీ గ్లాసు చూపించేది.

నవంబరులో ఒక ఉదయం పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి నెత్తురు ఆగలేదు. ముంజేతి మీద అరచేయంత నల్లమచ్చ. పరీక్ష చేస్తే అంకె 6.2. రెండు రోజులు మందు ఆపి, మోతాదు బాగా తగ్గించారు. పెద్ద ప్రమాదం తప్పింది. ఆరేళ్ళ రెసిడెన్సీ, పాతికేళ్ళ ప్రాక్టీసు ఉన్న నాకు, జులైలో పల్చబడని రక్తం నవంబరులో ఎందుకు పల్చబడిందో అంతుపట్టలేదు.

ఆ రాత్రి భోజనాల బల్ల మీద అమ్మ నోటుపుస్తకం కనబడింది. ఏ రోజు ఏం వండిందో రాసుకొనే అలవాటు ఆమెకు. ఆదివారం తెనాలి నుంచి పిన్ని ఫోను చేస్తే ఇద్దరూ వారం వంటలు అప్పజెప్పుకునేవారు. కొత్త వంటకమైతే ఎలా చేయాలో కూడా రాసేది. ఊరికే తిరగేశాను. జూన్ నుంచి ఒకటే వరస: తోటకూర పులుసు, కంద బచ్చలి, గోంగూర పప్పు, మెంతికూర, మళ్ళీ తోటకూర వేపుడు. మే నెలలో చలిభయం తీరగానే అమ్మ పెరట్లో విత్తనాలు చల్లింది. ఒహాయో వేసవిలో తోటకూర మోకాలి ఎత్తు పెరిగింది. ఉన్నదాన్ని పారేయడం ఇష్టంలేక దాదాపు రోజూ ఆకుకూరే వండింది. మేమంతా లొట్టలు వేసుకుంటూ తిన్నాం. అక్టోబరు మూడో వారంలో ఒక పేజీ మీద ఇలా ఉంది: “రాత్రి మంచు పడింది. తోటకూర అంతా పోయింది.” ఆ మరునాటి నుంచి వంకాయ, దొండకాయ, బంగాళాదుంప, చారు.

లేచి వెళ్ళి రక్తపరీక్షల కాగితాలు తెచ్చి ఆ పుస్తకం పక్కన పరిచాను. ఇక చెప్పేదేముంది? ముదురాకుపచ్చ కూరల్లో విటమిన్ కె పుష్కలం. వార్‌ఫరిన్ పనిచేసేదే ఆ విటమిన్‌కు అడ్డుపడి. ఆకుకూరలు పెరిగినకొద్దీ మందు చాలలేదు, చాలడంలేదని మోతాదు పెంచుకుంటూ పోయారు. మంచు ఒక్క రాత్రిలో ఆకుకూరను తీసుకుపోయింది. మోతాదు మాత్రం అలాగే ఉండిపోయింది. వైద్యకళాశాల రెండో సంవత్సరంలో చదువుకున్న పాఠమిది, నాకు తెలియనిది కాదు. కాని “శాకాహారి” అన్న ఒక్క మాటతో ఆ గిన్నె మీద మూతపెట్టి, లోపల ఏముందో చూడకుండా నాలుగు నెలలు కూర్చున్నాను. మాంసం తినరు అన్నది ఏం తినరో చెబుతుందే గాని, ఏం తింటారో చెప్పదు గదా.

ఆ మందు పుట్టుక కూడా ఒక అపరాధ పరిశోధనే. 1920లలో ఉత్తర అమెరికాలో పశువులు కారణం తెలియకుండా నెత్తురు కారి చనిపోసాగాయి. అంటువ్యాధి కాదు. పశువైద్యులు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇవి ఏం మేశాయి? బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి అని తేలింది. 1933లో విస్కాన్సిన్ రైతు ఒకడు గడ్డకట్టని నెత్తురును క్యానులో పోసుకుని, మంచుతుఫానులో ప్రయాణం చేసి కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాల చేరాడు. ఆ గడ్డిలోని పదార్థాన్ని పట్టుకోవడానికి కొన్నేళ్ళు పట్టింది. దాని తోబుట్టువు వంటి వార్‌ఫరిన్ 1948లో ఎలుకలమందుగా బజారుకొచ్చింది. 1950లలో మనుషుల మందయింది. మేత ఏమిటని అడగడం వల్ల పుట్టిన మందును మింగే మనిషిని, ఏం తిన్నావమ్మా అని నేను అడగలేదు.

మరునాడు పొద్దున్న అమ్మ దగ్గర కూర్చుని సంగతంతా చెప్పాను. మాత్రలు లెక్కపెట్టినందుకు క్షమించమన్నాను. ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టి, “అడిగితే చెప్పేదాన్ని కదా నాన్నా” అంది. అంతకుమించి ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. కాని ఆ రాత్రి మాత్ర వేసుకునేటప్పుడు నన్ను పిలవలేదు.

అమ్మ పోయి నాలుగేళ్ళయింది, కారణం వేరు. ఆనాటి నుంచి నా గదికి వచ్చే రోగులను శాకాహారులా, మాంసాహారులా అని అడగడం మానేశాను. నిన్న రాత్రి ఏం తిన్నారు, ఎవరు వండారు, ఎక్కడి నుంచి తెచ్చారు అని అడుగుతాను. కొడుకో కూతురో పక్కనుండి జవాబు చెప్పబోతే, వారినే చెప్పనివ్వండి అంటాను. ఇంగ్లీషు రానివారైతే దుబాసీని పిలిపిస్తాను. ఈ ప్రశ్నకు పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల్లో బయటపడినవి కొన్ని ఏ యంత్రానికీ దొరికేవి కావు.

అందుకే ఆ నవల చివరి పేజీల దగ్గర నా నవ్వు ఆగిపోయింది. వంట వివరం కథకు అతికించిన తోక కాదు. పరిశోధనకు మూలమైన గుణమేదో అందులో ఉంది: ఎంత, ఎప్పుడు, దేనితో, ఎవరి కోసం అని అడిగే గుణం. జోయీ ఫౌస్ట్ గాని, గోల్డీ గాని, ఆ అల్లికల ముసలమ్మ గాని తెలివిలో పోలీసులను మించినవారని కాదు. ఇంట్లో ఏ డబ్బా ఏ అరలో ఉంటుందో ఎరిగినవారు గనుక, అది చోటు మారితే వారి కళ్ళకు తెలుస్తుంది. ఈ నవలల్లో లోపాలు లేవా? చాలా ఉన్నాయి. అంత చిన్న ఊళ్ళలో అన్ని హత్యలు జరిగితే ఇక ఆ ఊళ్ళో మనుషులే మిగలరు. అయినా వీటిలో వంటిల్లు సాక్ష్యం చెబుతుంది, కథ ఆ సాక్ష్యాన్ని వింటుంది. అమ్మ బతికి ఉంటే డోరియన్‌ను ఇష్టపడేది. వెల్లుల్లి ఎక్కువ వేస్తున్నాడని ఒక మాట అని ఉండేది కూడా.

ఈ పుస్తకాల సంప్రదాయాన్ని పాటించి, నేనూ ఒక వంటతో ముగిస్తాను. అమ్మ పుస్తకంలో ఉన్నట్లే రాస్తున్నాను. తోటకూర పులుసు: ఆకు, లేతకాడలు తరిగినవి రెండు పెద్ద గుప్పెళ్ళు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి రసం తీయాలి. ఉల్లిపాయ ఒకటి, పచ్చిమిరపకాయలు మూడు చీల్చి, చిటికెడు పసుపుతో తోటకూరలో వేసి మెత్తగా ఉడికించాలి. చింతపండు రసం, చిన్న బెల్లంముక్క వేసి మరగనిచ్చి, చెంచాడు బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. ఆవాలు, మినప్పప్పు, కాసిని మెంతులు, ఎండుమిరపకాయ, ఇంగువ పోపు. వేడి అన్నంలోకి బాగుంటుంది.

‘రెండు పెద్ద గుప్పెళ్ళు’ అన్నది ఆ నవంబరు తరువాత అమ్మ కొట్టివేసి దిద్దిన చోట ఉంది. అంతకు ముందు ‘పెరట్లో ఉన్నంత’ అని ఉండేది. ఆకుకూర మానవద్దు, ఎండాకాలమైనా చలికాలమైనా వారం వారం ఒకే కొలతలో తినమని క్లినిక్‌లో చెప్పారు. మంగళవారం, శుక్రవారం అని తనే రోజులు పెట్టుకుని పేజీ అంచున రాసుకుంది. ఉప్పు దగ్గర మాత్రం ‘తగినంత’ అనే ఉంది.